కుట్టుకు వదిలిన బట్ట

ఆమెను వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లెవరో కాదు, కట్టుకున్న మొగుడే. పెళ్లైన కొత్తలో ఒక పొద్దున ఇద్దరూ టీ తాగుతుంటే డబ్బాలో బిస్కెట్టు ఒక్కటే మిగిలింది. ఆమె మెడలో వేలాడుతున్న టేపు తీసి, దాన్ని కొలిచి, సరిగ్గా సగానికి విరిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ సగం ముక్కను వెలుతురుకి ఎత్తి చూసుకుని, "నీతో కాపురం అంటే జాగ్రత్తగా ఉండాలి కత్తెరమ్మా. ఏదో ఒకరోజు నన్నూ కొలిచి విరుస్తావు" అన్నాడు. కిటికీ అవతల పక్కింటావిడ విన్నది. సాయంత్రానికల్లా వీధంతా అదే పేరు.

ఇంటి ముందు గదే ఆమె కుట్టు గది. కిటికీ కింద మిషను, గోడకు ఆనించి బట్టలు పరిచే పొడుగాటి బల్ల, మూలన ఆడవాళ్లు కొలతలు ఇవ్వడానికి ఒక తెర. నీలం సుద్దముక్క ఎప్పుడూ చెవి మీదే ఉంటుంది, పొయ్యి దగ్గర ఉన్నప్పుడు కూడా. అందుకే ఆ ఇంట్లో అప్పుడప్పుడు టీలో సుద్ద రుచి తగులుతుందని మొగుడి ఫిర్యాదు. కంటి అంచనాతో కత్తెర వేసేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. "కళ్లిచ్చింది చూడ్డానికి. కొలవడానికి టేపుంది" అంటుంది, మొహం గంటు పెట్టుకుని.

ఆయనది వీధి మలుపులో సెలూను. రెండు కుర్చీలు, ఎదురుగా పొడుగాటి అద్దం, మూలన గొంతు బొంగురుపోయిన రేడియో. నోరు ఎంత వాగినా ఆయన చేయి మాత్రం మెత్తన. పసిపిల్లలు కూడా ఏడవకుండా ఆయన దగ్గర జుట్టు కత్తిరించుకుంటారు. అసలు ఈ పెళ్లి కుదిరింది కూడా ఆ చేయి వల్లే. తాళాలు బాగుచేసే కత్తెరమ్మ నాన్న ఆ రోజుల్లో ఆ సెలూనుకి ఖాయం గిరాకీ. ప్రతి శుక్రవారం జుమా నమాజుకు పోయే ముందు వచ్చి కుర్చీలో కూలబడి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ చెవి పక్కన చూసుకో. పోయినసారి మీసం ఒక పక్కకు వంగింది" అని సతాయించేవాడు. ఒకసారి అలా సతాయిస్తూనే కునుకు తీశాడు. లేచేసరికి గడ్డం సవరించడం, మీసం కత్తిరించడం, గోళ్లు తీయడం అన్నీ అయిపోయి ఉన్నాయి. ఇంటికొచ్చి భార్యతో, "చేతిలో కత్తి పట్టుకుని కూడా నా నిద్ర చెడగొట్టలేదు. మన పిల్లను బాగా చూసుకుంటాడు" అన్నాడు. ఇంత చిన్న కారణానికి పిల్లను ఇచ్చేశావని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, నవ్వుతూనే.

విడ్డూరం ఏమిటంటే, పెళ్లైన మర్నాటి నుంచి ఆ పెద్దమనిషి ఆ సెలూను గడప తొక్కలేదు. అల్లుడి చేత గడ్డం చేయించుకోవడమేమిటి, మర్యాద ఉండక్కర్లేదా అన్నది ఆయన లెక్క. ఒరేయ్ పోయి బాబూ వచ్చింది. బజారు అవతల, కత్తి పడితే చేయి వణికే ఒక ముసలాయన దగ్గరకు పోయి, మొహం మీద గాట్లతో తిరిగొచ్చేవాడు. అల్లుడు ఎదురైతే ఆ గాట్ల మొహంతోనే నిండుగా నవ్వి, "బాగున్నారా బాబూ" అనేవాడు. అల్లుడూ నవ్వేవాడు. ఆ రోజంతా సెలూనులో రేడియో గొంతే తప్ప ఆయన గొంతు వినిపించేది కాదన్న సంగతి కత్తెరమ్మకు తెలియదు. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

అడగకపోవడానికి కారణం ప్రేమ లేక కాదు. ఆమెకు లెక్క ఎక్కువ. చిన్నప్పుడు మసీదు పక్క గదిలో ఆడపిల్లలకు ధర్మం నేర్పే ముసలావిడ దగ్గర చదువుకుంది. ఆవిడను అందరూ పాఠాలమ్మ అనేవాళ్లు. ఆవిడ చెప్పినవాటిలో రెండు సంగతులు ఈమె బుర్రలో మేకులు కొట్టినట్టు దిగిపోయాయి. ఒకటి, అల్లాహ్ తర్వాత తల్లిదండ్రుల హక్కు. వాళ్ల ముందు విసుగ్గా ఒక్క మాట కూడా జారకూడదు. రెండు, పెళ్లైన ఆడదాని మీద భర్తకూ హక్కుంది. ఆయనకు చెప్పకుండా, ఆయన మనసు కష్టపెట్టి గడప దాటకూడదు. ఈ రెండూ ఒకే రోజున ఒకే మనిషి నెత్తిన పడితే ఏం చేయాలో ఆ వయసులో అడగాలని తోచలేదు. తోచే వేళకు పెళ్లి అయిపోయింది.

అయినా చాలాకాలం ఇబ్బంది లేకుండానే గడిచింది. అమ్మానాన్నలు పక్క వీధిలోనే, ఇద్దరూ గుండ్రాయిల్లా ఉన్నారు. ఇంతలో నాన్న పడ్డాడు. ఎవరిదో దుకాణం షట్టరు తాళం బిగుసుకుపోతే స్టూలెక్కి నూనె పోస్తున్నాడట, స్టూలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల ఇనుప రేకు వేశారు. "ఇక నాకు ఒక తాళం కూడా పెట్టేస్తే పనైపోతుంది" అన్నాడు మత్తు దిగీ దిగకముందే. డాక్టరు నవ్వలేదు. నీళ్లు బాగా తాగాలి, రోజూ కాస్త నడవాలి, ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి, బద్ధకిస్తే మంచానికే అతుక్కుపోతారు అని చెప్పి పంపేశాడు. అమ్మ చూస్తే గుప్పెడు మనిషి. నాన్న ఆమె భుజం మీద చేయి వేస్తే ఇద్దరూ కలిసి కింద పడతారు. కత్తెరమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక్కతే కూతురు.

ఆ సాయంత్రం ఆమె భర్త ముందు నిలబడి, "పొద్దున్నపూట అమ్మావాళ్లింట్లో ఉంటాను. మధ్యాహ్నం జుహర్ అజాన్ వినపడగానే వచ్చేస్తాను. మీకు ఇబ్బంది లేకపోతేనే" అంది.

"ఇబ్బందేముంది, వెళ్లు. నేను కూడా సెలూను కాస్త ఆలస్యంగా..."

"వద్దొద్దు. మా అమ్మానాన్నలు నా బాధ్యత. మీ మీద పెట్టడం న్యాయం కాదు. మీరేమీ చేయక్కర్లేదు."

ఆయన లేచి తోలు సంచి సర్దుకున్నాడు. ఆమె మాత్రం మొగుణ్ణి ఎంత బాగా చూసుకుంటున్నానో అనుకుంటూ హాయిగా నిద్రపోయింది.

ఆ రోజు నుంచి జుహర్ అజాన్ ఆమెకు గీత అయింది. గీతకు ఇవతల కూతురు, అవతల భార్య. ఒకవైపుది ఇంకోవైపుకి రాకూడదు. భర్త ఇంటి వంటగదిలో కాచిన సూపు నాన్నకు పోయదు. తన కుట్టు సంపాదనతో వేరే కూరగాయలు కొని, అక్కడే కాస్తుంది. నాన్న నొప్పి సంగతి ఇంటికి తీసుకురాదు. "మామయ్యగారికి ఎలా ఉంది?" అని భర్త అడిగితే, "అల్హమ్దులిల్లాహ్, బాగున్నారు" అని మిషను తొక్కేస్తుంది. అటు అమ్మ ఏదైనా కబురు మధ్యలో ఉన్నా సరే, అజాన్ వినపడితే లేచి నమాజు చేసుకుని, చెప్పులేసుకుని చక్కా పోతుంది. "అజాన్ వింటే లోకమంతా మసీదుకి పరుగెడుతుంది, నా కూతురు మొగుడింటికి పరుగెడుతుంది. సగం చెప్పిన కబురు నా కడుపులో ఉండిపోయి అజీర్తి చేస్తోంది" అని అమ్మ గొణుక్కునేది.

ఈ ఏర్పాటు చూసి కత్తెరమ్మ కాస్త మురిసిపోయిన మాట నిజం. రెండు కొంగులూ సమంగా ఉన్నాయి కదా అనుకుంది. కిటికీలో మొక్క ఆ మురిపెం మీద నీళ్లు పోసింది.

నాన్న మంచం పక్కన కిటికీలో ఒక కుండీ ఉండేది. ఎప్పుడు చూసినా వాడిపోయి, ఉందో లేదో తెలియకుండా ఉండే మొక్క. అలాంటిది ఈ మధ్య ఆకులు నిగనిగలాడుతూ, గుత్తులుగా పూలు పూసి, కిటికీ దాటి బయటకు వాలింది. అదే సమయంలో నాన్న పెదవులు ఎండి పగిలాయి, కళ్లు లోపలికి పోయాయి. ఆమె రోజూ పొద్దున్నే నింపి పెట్టే నీళ్ల కూజా మధ్యాహ్నానికి ఖాళీ అవుతూనే ఉంది. కత్తెరమ్మ కొలతల మనిషి కదా. మొక్కను చూసింది, నాన్నను చూసింది, కూజాను చూసింది.

"నాన్నా, ఈ నీళ్లు ఎవరు తాగుతున్నారు?"

నాన్న గోడకేసి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "నన్నడుగు, నేను చెబుతాను. నీ ముందు ఒక గుటక, మొక్కకు చెంబెడు. తెల్లవారుజామున నేను గిన్నెలో నీళ్లు పట్టుకుంటే నమాజు కోసం వుజూ చేసుకుంటాడు. చేతులూ మొహమూ కాళ్లూ ఆ ఒక్కసారే. మళ్లీ నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కి పోవాలి, పోతే వుజూ పోతుంది, మళ్లీ ఎవరో ఒకరు పట్టుకోవాలి. అందుకని ఆ ఒక్క వుజూనే రోజంతా కాపాడుకుంటాడు, నోరెండబెట్టుకుని. స్నానం మాట ఎత్తితే ఒంట్లో బాగాలేదంటాడు. జుమాకు తీసుకెళ్లడానికి కుర్చీబండి పంపుతామని మసీదువాళ్లు అడిగితే, ఈ మురికి ఒంటితో రానన్నాడు."

"నేనున్నాను కదా నాన్నా. నేను పట్టుకుంటాను, నేను స్నానం చేయిస్తాను."

"నువ్వు నా కూతురివి" అన్నాడు నాన్న. గొంతులో కోపం లేదు, అదే ఆమెకు కష్టంగా తోచింది. "నీకూ నాకూ మధ్య హయా, సిగ్గుమర్యాద అని ఒకటుంది. అది పోగొట్టుకుని బతికేదేముంది? నువ్వు సూపు కాస్తున్నావు, కాళ్లు పిసుకుతున్నావు, చాలు. ఇంకేం అడక్కు."

ఆమె విసుక్కోలేదు. విసుక్కోకూడదు కదా. వంటగదిలోకి పోయి కళ్లొత్తుకుంది. మర్నాడు ఎవరినో అడిగి, రోగులకు స్నానం చేయించే మనిషిని ఒకతన్ని పిలిపించింది. అతను బాత్‌రూమ్‌లోకి పోయిన కాసేపటికే లోపల్నుంచి నాన్న కేక. అతను తడిసి ముద్దై బయటికొచ్చాడు. "గిన్నె తోమినట్టు తోముతున్నాడు. నేను మనిషిని, మూకుడు కాదు" అన్నాడు నాన్న. ఆ మనిషి మళ్లీ ఆ వీధిలో కనిపించలేదు.

ఇక ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. కళ్లెదుటే నాన్న ఎండిపోతున్నాడు, తన చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. అజాన్ విన్నా లేవలేక, నాన్న చేత ఇంకో గుటక తాగించాలని కూర్చుండిపోయేది. అప్పుడు గీత గుర్తొచ్చి ఉలిక్కిపడి ఇంటికి పరుగు. భర్త తానే రొట్టె కాల్చుకుని తింటూ ఉండేవాడు, ఆమెకో పళ్లెంలో మూత పెట్టి. ఒక్క మాట అనేవాడు కాదు. అనకపోవడం చూసి ఇంకా తప్పు చేసినట్టు అనిపించి, సాయంత్రాలు మిషను మీద విరుచుకుపడేది. అలాంటి ఒక సాయంత్రం, జీవితంలో ఎన్నడూ చేయని పని చేసింది.

పాఠాలమ్మ ఎన్నాళ్లుగానో పెట్టెలో దాచుకున్న ఆకుపచ్చ బట్ట తెచ్చి ఇచ్చింది, పొడుగు గౌను కుట్టమని. కత్తెరమ్మ కొలిచింది, గీసింది, కోసింది. ముందు ముక్కా వెనక ముక్కా పక్కపక్కన పెట్టి చూసుకుంటే తప్పు బయటపడింది. ఒంటి కొలతకి సరిగ్గా, గీత మీదే కోసింది. ఏ రెండు ముక్కలు కలపాలన్నా అంచున కుట్టు లోపలికి పోయేంత బట్ట వదలాలి. అది నిన్నగాక మొన్న పని నేర్చుకున్నవాళ్లకు కూడా తెలుసు. ఆ బట్ట లేదు.

బట్ట ముక్కలు సంచిలో పెట్టుకుని, తల దించుకుని మసీదు పక్క గదికి పోయింది. పాఠాలమ్మ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వేడి నీళ్ల సీసాతో మోకాలు కాపుకుంటోంది. విషయం విని, కోప్పడుతుందేమో అనుకుంటే, కడుపు పట్టుకుని నవ్వింది.

"కత్తెరమ్మ కత్తెర తప్పిందా? ఇది చూడ్డానికే అల్లాహ్ నన్ను ఇన్నాళ్లు ఉంచాడు. కొలత తప్పావా?"

"లేదమ్మా. కొలత సరిగ్గానే ఉంది. అదే తప్పు. ఇలాగే కలిపి కుడితే మీకు ఊపిరాడదు."

"అంత పరధ్యానం నీకెందుకొచ్చింది? ముందు అది చెప్పు."

చెప్పింది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. చివర్న, "ఇద్దరి హక్కూ ఒకేసారి వస్తే ఎవరిది ముందు? మీరు చెప్పండి, అలాగే చేస్తాను" అంది.

పాఠాలమ్మ సీసాను ఇంకో మోకాలికి మార్చింది. "నాన్న మంచం మీదున్నాడు, చూసేవాళ్లు వేరే లేరు. అలాంటప్పుడు నిన్ను ఆపే మొగుడుంటే నేను వచ్చి మాట్లాడేదాన్ని. నీ మొగుడు ఆపాడా?"

"లేదు. వెళ్లమన్నారు."

"మొహం మాడ్చుకున్నాడా?"

"లేదు. నాకు కూడా రొట్టె కాల్చి మూత పెడుతున్నారు."

"మరి నువ్వు నన్నడిగేదేమిటే? అక్కడ గొడవే లేదు, నువ్వు తీర్పు చెప్పమంటున్నావు. సరే, ఆయన్ని ఏమని అడిగావు?"

"వెళ్లొస్తానని."

"అనుమతి అడిగావు. మంచిదే. సాయం అడిగావా?"

కత్తెరమ్మ నీళ్లు నమిలింది. "అది ఆయన మీద విధి కాదు కదమ్మా. అత్తమామల సేవ ఆయన మీద రాసిపెట్టి లేదు."

"లేదు. లేదు కాబట్టే చేసినవాడికి అంత మంచి. రాసిపెట్టింది అందరూ చేస్తారు, పైవాడికి భయపడైనా. రాసిపెట్టనిది ప్రేమ ఉంటేనే చేస్తారు. ఆ మంచి ఆయనకు అందకుండా తలుపేసేశావు. తాళాలాయన కూతురివి అనిపించుకున్నావు." పాఠాలమ్మ ఆకుపచ్చ ముక్కలు రెండూ ఒళ్లోకి తీసుకుని అంచులు దగ్గరకు చేర్చి చూసింది. "బట్టనే కాదు, నీ రోజునీ ఇలాగే కుట్టుకు చోటు వదలకుండా కోసేశావు. ఎక్కడ కుట్టమంటావు చెప్పు? పో, పోయి నీ మొగుడితో మాట్లాడు. దీని పక్కలకి వేరే రంగు పీలిక ఏదైనా వేసి కుట్టు. ఈ వయసులో నాకు సోకులు ఎక్కువయ్యాయని నలుగురూ అనుకుంటారు, అనుకోనీ."

ఆ రోజు గురువారం. మర్నాటి జుమా కోసం సెలూను కిటకిటలాడే రోజు. సాయంత్రం దాటాక ఆయన ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, రొట్టె ముందు కూర్చున్నాడు. ఆమె ఉడికించిన గుడ్లు వలుస్తూ వలుస్తూ ఆగింది.

"మీతో ఒక మాట."

"ఏం, ఆ రోజు నాకిచ్చిన సగం బిస్కెట్టు కూడా కావాలా?"

"నాన్న నీళ్లు తాగడం లేదు."

ఆయన చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఆమె చెప్పుకుంటూ పోయింది. మొక్క సంగతి, వుజూ సంగతి, స్నానం సంగతి, మూకుడు సంగతి. మూకుడు దగ్గర ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"ఇన్నాళ్లూ ఎలా ఉన్నారని అడుగుతూనే ఉన్నాను. బాగున్నారు, బాగున్నారు అన్నావు."

"మీ మీద బరువు పెట్టకూడదని."

"బరువా?" ఆయన గొంతు పెరగడం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఊళ్లో ప్రతి తలా నా చేతి కిందికి వస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా నా ముందు కళ్లు మూసుకుని కూర్చుంటారు. మామయ్య ఒక్కరే రారు. పెళ్లికి ముందు వచ్చేవారు, నాకు పిల్లనిచ్చాక మానేశారు. గిరాకీలు నన్నడిగారు, మీ మామగారికి నీ చేతి మీద నమ్మకం లేదా అని. ఏం చెప్పను? మా నాన్న పోయాక నన్ను ఒరేయ్ అని పిలిచింది ఆయనొక్కరే. అది కూడా పోయింది."

"అయ్యో, అది మర్యాద. మిమ్మల్ని గౌరవించి..."

"ఆయన గౌరవించి దూరంగా పెట్టారు. నువ్వు న్యాయం చూసి దూరంగా పెట్టావు. మీ ఇద్దరూ ఇంత మంచివాళ్లు కాకపోతే నేనూ ఆ ఇంటి మనిషిని అయ్యుండేవాణ్ణి."

ఇన్నాళ్లూ కత్తెరమ్మ మొగుడికి ఏ లోటూ రాకుండా చూసుకుంటున్నానని మురిసిపోయింది గానీ, తాను తెచ్చిన లోటు కళ్లెదుట రొట్టె పట్టుకుని కూర్చుంది. గుడ్డు పళ్లెంలో పడేసి ఏడ్చేసింది. "నాకు చేతకావడం లేదండీ. నా వల్ల కాదు ఇది. మీరు రండి" అంది. పెళ్లైన దగ్గర్నుంచి ఆయన్ని సాయం అడగడం అదే మొదటిసారి. ఆయన మొహం చూడాలి అప్పుడు. ఎవరో పండగ చేసి పెట్టినట్టు వెలిగిపోయింది.

"ఏడవకు, గుడ్డులో ఉప్పెక్కువవుతుంది" అన్నాడు. "రేపు పొద్దున్న సెలూను తెరవను."

శుక్రవారం పొద్దున సెలూను మూయడమంటే ఊరికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. తలుపు ముందు గుమిగూడినవాళ్లు గడ్డాలు నిమురుకుంటూ నిలబడ్డారు. ఆయన తోలు సంచి చంకన పెట్టుకుని వాళ్ల మధ్య నుంచే నడిచాడు. "ఇవాళ నాకో పాత గిరాకీ ఉన్నాడు. మీరు అలాగే పొండి, అల్లాహ్ మనసు చూస్తాడు, మీసం కాదు" అన్నాడు.

మామగారింట్లో మంచం పక్కన కుర్చీ వేశాడు. సంచిలోంచి తెల్లటి గుడ్డ తీసి ఒక్క విదిలింపు విదిలించాడు. నాన్న కంగారుపడి దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"బాబూ, మీరెందుకు బాబూ. వద్దు, బాగుండదు."

"అల్లుడిగా రాలేదు మామయ్యా. సెలూనువాడిగా వచ్చాను. ఖాయం గిరాకీ చెప్పాపెట్టకుండా మానేస్తే ఇంటికెళ్లి అడగడం మా పని. నా చేతిలో ఏం తప్పు చూశారు?"

"తప్పా? ఛ ఛ. అల్లుడు... అల్లుడు కదా అని..."

"ఆ చేయి చూసే పిల్లనిచ్చారు. ఇచ్చాక ఆ చేయే వద్దన్నారు. నా మొహం చూసి చెప్పండి, నేనేమనుకోవాలి?"

ఊరందరి తాళాలూ తీసిన మనిషి, తన మర్యాద ఎవరి గుండెలో గొళ్లెం వేసిందో ఇన్నాళ్లూ చూడలేదు. కళ్లు తుడుచుకుని, దుప్పటి దించి, మెల్లగా మెడ ముందుకు చాపాడు. తెల్లగుడ్డ మెడ చుట్టూ పడింది. తలుపు అవతల కత్తెరమ్మా వాళ్లమ్మా చెవులు రిక్కించి నిలబడ్డారు. కత్తెర చప్పుడు మొదలైంది.

తర్వాత నాన్న గొంతు వచ్చింది. "ఒరేయ్, ఆ చెవి పక్కన చూసుకో."

"చూస్తున్నాను మామయ్యా."

"పోయినసారి మీసం ఒక పక్కకు వంగింది."

"ఆ పోయినసారికి ఇంకా నాకు పెళ్లి కాలేదు మామయ్యా. ఇన్నాళ్లు గుర్తుపెట్టుకున్నారా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియాలి.

గోళ్లు అయ్యాయి. ఆ తర్వాత ఆయన గుడ్డ విప్పి, నడుం నుంచి మోకాళ్ల దాకా దుప్పటి చుట్టి, మామగారిని చంకల కింద పట్టుకుని లేపాడు. ఇద్దరూ బాత్‌రూమ్‌లోకి పోయారు. తలుపు మూసుకుంది. నీళ్లు పోసిన చప్పుడు, మగ్గు చప్పుడు, మధ్యలో నాన్న సతాయింపు. నీళ్లు వేడిగా ఉన్నాయని ఒకసారి, చల్లగా ఉన్నాయని ఒకసారి. ఇల్లంతా సబ్బు వాసన నిండిపోయింది. కత్తెరమ్మ ఉతికిన తెల్లబట్టలు తలుపు సందులోంచి అందించి, వెనక్కి తిరిగి నిలబడింది. ఇన్నాళ్లూ ఒక్కతే మోసిన బరువు ఆ తలుపు అవతల ఇద్దరు మగాళ్లు నవ్వుకుంటూ మోస్తున్నారు. ఆమెకు ఒళ్లంతా తేలికైపోయింది.

అంతలో జుమా అజాన్ వినిపించింది. అలవాటు చొప్పున కత్తెరమ్మ టేపు సర్దుకుంది, అమ్మ చేతిలోని పళ్లెం అందుకుని గట్టు మీద పెట్టింది, గుమ్మంలోకి పోయి ఒక చెప్పు తొడుక్కుంది.

"ఎక్కడికే?" అంది అమ్మ.

"అజాన్ అయింది కదమ్మా. ఇంటికి. ఆయన..."

"ఆయన మా బాత్‌రూమ్‌లో ఉన్నాడు" అంది అమ్మ. "నీ మొగుడు ఇక్కడే, మేమూ ఇక్కడే. నువ్వు పోయి అక్కడ ఎవరి హక్కు తీరుస్తావు, మిషనుదా?"

కత్తెరమ్మ ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. చెప్పు విప్పి గోడ పక్కన, మొగుడి చెప్పుల పక్కనే పెట్టి లోపలికి వచ్చి కూర్చుంది. "ఆ రోజు సగంలో ఆపిన కబురు చెప్పమ్మా" అంది. అమ్మ ఎన్నాళ్ల అజీర్తో ఒక్కసారే తీర్చుకోవడం మొదలుపెట్టింది.

మసీదువాళ్ల కుర్చీబండి గుమ్మం ముందుకు వచ్చింది. అల్లుడు మామగారిని అందులో కూర్చోబెట్టి, కాళ్ల మీద దుప్పటి సర్దాడు. దువ్విన గడ్డంతో, తెల్లబట్టలతో నాన్న పెళ్లికొడుకులా ఉన్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీధి రెండువైపులా చూసుకుంటున్నాడు. బండి కదిలే ముందు చేయి చాచాడు.

"అమ్మాయ్, మంచినీళ్లు."

కత్తెరమ్మ గ్లాసు నిండా తెచ్చింది. ఆయన కిటికీలో మొక్క వైపు చూడనైనా చూడలేదు. అందరి ముందూ గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు ఆమెకిచ్చి, "ఇంకోటి" అన్నాడు.

"నాన్నా, నమాజు మధ్యలో మళ్లీ లేవాల్సొస్తుందేమో" అంది ఆమె, సంతోషం ఆపుకోలేక, ఏదో ఒకటి అనాలని.

నాన్న రెండో గ్లాసు కూడా అడుగంటా తాగాడు. మూతి తుడుచుకుని, తల వెనక్కి తిప్పి, బండి పిడి పట్టుకుని నిలబడ్డ అల్లుణ్ణి చూశాడు.

"లేవాల్సొస్తే ఏముంది. నువ్వున్నావు కదరా" అన్నాడు.

అల్లుడు బండి తోస్తూ వీధి మలుపు తిరిగేదాకా మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు. కత్తెరమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూసింది.